కింది దవడ, ఎడమ పక్క

నెలకొక బేస్తవారం సాయంత్రం
దానాను పండ్ల డాక్టరు కాడికి పిలుచుకపోయేది నేనే.
పదకొండేండ్ల పిల్ల. పండ్ల మీద సన్నతీగలు.
డాక్టరు ఆ తీగల్ని రవ్వంత బిగిస్తాడు,
అది నా చెయ్యి బిగిస్తాది.
అద్దాల అవతల సాల్మియా సముద్రం
ఏమీ పట్టనట్టు మెరుస్తాంటాది.
దానా అంటే పెద్ద ముత్యమంట, వాళ్ళ మాటలో.

నాది ఎడమ పక్క, కింద, చివర్నుంచి రెండోది.
రంజాన్ ముందర మొదులైంది.
పొద్దంతా మాటాడదు.
రాత్రి పన్నెండుకు గిన్నెలు బోర్లించి
మిద్దె మీది గదిలో ఒరిగినానో లేదో
దానికి తెల్లారుతాది.

లవంగం పెట్టినా. ఉప్పునీళ్ళు పుక్కిలించినా.
పనడోల్ రెండు, ఆమీట ఇంకో రెండు.
జామాకు నమలమని ఓబుళమ్మ ఫోన్లో చెప్పింది.
కువైట్‌లో జామాకు యాడ తెద్దునే అంటే
పకపకా నవ్వింది.
నేనూ నవ్వబోయి చెంప పట్టుకున్నా.

ఇన్సూరెన్సు కార్డుండాది నాకు, నీలం రంగుది.
క్లినిక్‌లో చీటీలు రాసే షీజకు చూపించినా.
అటు తిప్పి ఇటు తిప్పి
"చేచీ, దీంట్లో పండ్లు లేవు" అనింది.
జ్వరముందంట, కడుపునొప్పి ఉందంట,
కాలిరిగితే ఉందంట.
ఒంట్లో పండ్లొక్కటే వేరే దేశం మాదిరి.

ధర కూడా ఆ పిల్లే చెప్పింది, గొంతు తగ్గించి.
పీకితే పదైదు దినార్లు.
నరం తీసి, నింపి, టోపీ పెట్టి నిలబెడితే నూటముప్పై.
నా జీతం నూటపది.

అన్నం వార్చేటప్పుడు ఈ లెక్క.
బాబా తెల్లచొక్కాలు ఇస్త్రీ చేసేటప్పుడు ఈ లెక్క.
రాయచోటికి ఎనభై పంపాల. చీటీకి పది.
మిగతా దాంట్లోనే ఫోను, తలనూనె, పనడోల్.
చీటీ పాడుకుందామని శుక్రవారం మాలియా పార్కుకు పోయినా.
పదిమంది ఆడోళ్ళం, గడ్డి మీద గుండ్రంగా,
మధ్యలో మిక్చరు పొట్లం.
సుగుణమ్మ కొడుక్కి కండ్ల ఆపరేషనంట.
పాట మొదులైతే నా నోరు పెగల్లేదు.
నొప్పికి కాదు.

ఆ మర్సటి బేస్తవారం
దానా కుర్చీ దిగింది. మిస్రీ డాక్టరు చేతులు కడుక్కుంటా
నా చెంప చూసి, కూర్చోమన్నాడు.
"ఇఫ్తహీ."
తెరువు.
తొమ్మిదేండ్లలో ఆ మాట తలుపుకు విన్నా,
గేటుకు విన్నా, కారు డిక్కీకి విన్నా.
నా నోటికి ఎవురూ అనలేదు.

చిన్న అద్దం పెట్టి చానాసేపు చూసినాడు.
వేరు గట్టిగా ఉండాది, పీకొద్దు, నిలబడతాది అన్నాడు.
సగం డబ్బుకే చేస్తానన్నాడు.
మంచోడే. సగమంటే అరవై ఐదు.
నేను జాకెట్లోనుంచి పర్సు తీసి
జిప్పులోని పదైదూ ట్రే మీద పెట్టినా.
ఆయప్ప డబ్బు కల్లా చూడలేదు, నా కల్లా చూడలేదు,
సూది మందు ఎక్కించుకున్నాడు.

గట్టి వేరు కదా, ఊరికే రాలేదు.
నా చేతుల్ని నేనే పట్టుకున్నా.
దానా మూలన ఫోన్లో తన పండ్లు తాను చూసుకుంటాండె,
కటుక్కుమన్నెప్పుడు ఒకసారి తలెత్తింది.

కారులో అడిగింది, చూపించు, చూపించు అని.
దూది తీసి చూపించినా.
వంగి లోపలికంతా చూసి
"కొత్తది ఎప్పుడొస్తుంది?" అనింది.
పోయిన చలికాలమే దానికి రెండు ఊడినాయి,
రెండూ మొలిచినాయి.
సగం నోరు మొద్దుబారిపోయుండె,
వస్తాదిలే అన్నట్టు తల ఊపినా.

పన్ను ఇప్పుడు ఆ పదైదు దినార్లుండిన జిప్పులోనే ఉండాది.
రాత్రిళ్ళు నొప్పి లేదు, అల్లా దయ.
నాలుకే, పోయి పోయి ఆడ తడుముకుంటాంటాది,
బేరం తెగినాక కూడా
అంగడి మెట్టు దిగని మనిషి మాదిరి.